లండనునుండి పారిసునకు: ప్రయాణమును, బసను ఎన్నుకొనుట

ఒకప్పుడు మన పల్లెలలో దూరప్రయాణ మనగా కాశీయాత్రయే. 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిలో తాము దిగిన మజిలీలను గూర్చి వ్రాసిపెట్టిరి. దిగుటకు చోటున్నదా, మంచినీరున్నదా, సరకులు దొరకునా అని విచారించి వ్రాసిరి. నూట తొంబది సంవత్సరములు గడచినవి. దేశములు మారినవి, వాహనములు మారినవి. బాటసారి అడుగవలసిన ప్రశ్నలు మాత్రము మారలేదు.

నేడు మన యూళ్లనుండి పెక్కుమంది తల్లిదండ్రులు లండనులో ఉద్యోగములు చేయుచున్న బిడ్డలను చూచుటకై పోవుచున్నారు. కూతురి పురిటికో, మనుమని అన్నప్రాశనకో పోయి, నాలుగైదు నెలలుండి వచ్చుచున్నారు. అట్టివారితో ఏదో యొక సాయంకాలము బిడ్డలు, "నాన్నగారూ, పారిసు ఇక్కడికి రెండు గంటల దారి. మీరును అమ్మయు చూచి రండి" అందురు. ఆ మాటలో అబద్ధము లేదు. కాని ఆ రెండు గంటలును రైలు కదలిన పిమ్మట లెక్కించినవి. అరువది యేండ్లు దాటిన వారికి పనికివచ్చు లెక్క వేరొకటి కలదు. మన యింటి గుమ్మము దాటినది మొదలు, ఆ యూరిలో బసగదిలో మంచముమీద నడుము వాల్చువరకు పట్టు కాలమెంత, ఎక్కవలసిన మెట్లెన్ని, మోయవలసిన బరువెంత, నిలుచుండవలసిన సేపెంత అనునది ఆ లెక్క. దానిని గుమ్మపు లెక్క యని పిలిచెదను. నేను నేడు చెప్పబోవునదంతయు ఈ లెక్కను గూర్చియే.

ముందుగా ఈ రెండు నగరముల ఉనికిని తెలిసికొందము. లండను ఇంగ్లండునకు రాజధాని, పారిసు ఫ్రాన్సునకు రాజధాని. రెంటికిని నడుమ గీటు గీచి కొలిచినచో సుమారు 340 కిలోమీటర్లు. విజయవాడనుండి విశాఖపట్టణమునకు రైలుదారి ఎంతయో ఇంచుమించు అంతే. అయితే నడుమ సముద్రమున్నది. డోవరు, కలే అను రేవులకడ ఆ సముద్రము మిక్కిలి యిరుకై సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే యుండును. ఆ చిన్న నీటిపాయయే పూర్వకాలపు ప్రయాణికులకు పెద్ద చిక్కు. 1919 ఆగస్టు 25న ఈ రెండు నగరముల నడుమ నిత్య విమానయానము మొదలైనది. 1936నుండి 1980వరకు రాత్రివేళ ఒక విచిత్రమైన రైలు నడచెడిది. లండనులో పండుకొనినవారు పెట్టెలోనే యుండగా, ఆ పెట్టెలను ఓడలోనికెక్కించి, ఆవలి యొడ్డున దింపి, తెల్లవారుసరికి పారిసునకు చేర్చెడివారు. 1994 మే 6న సముద్రము క్రింద సొరంగము తెరువబడినది. ఆ సంవత్సరము నవంబరు 14నుండి యూరోస్టారు అను రైళ్లు దానిలో నడచుచున్నవి.

వాహనమును ఎన్నుకొనుటకు ముందు ఒక పని కలదు. దానిని మరచినవారికి తక్కిన మాటలన్నియు వ్యర్థములు. ఇంగ్లండునకిచ్చిన వీసా ఫ్రాన్సులో చెల్లదు. ఫ్రాన్సు మొదలగు 29 దేశములు షెంగెన్ అను ఒడంబడికలో చేరి, అన్నిటికిని ఒకే వీసా ఇచ్చుచున్నవి. ఇంగ్లండు అందులో లేదు. ఈ షెంగెన్ వీసాను సాధారణముగా మనము స్థిరముగా నివసించు దేశములోనే అడుగవలెను. లండనులో చుట్టపుచూపుగా ఉన్నవాడు అక్కడనుండి అడిగినచో తిరస్కరించుటయే వాడుక. మా యూరి పెద్దాయన యొకరు లండను చేరిన పిమ్మట ఈ సంగతి తెలిసికొని, ఐదు నెలలు ఆ యూరిలోనే యుండి, పారిసు చూడకయే తిరిగివచ్చిరి. ఆయనకు కాలమున్నది, ధనమున్నది, ఆరోగ్యమున్నది. కాగితము మాత్రము లేదు.

కనుక పారిసు చూడవలెనను కోరిక ఏ కొంచెమున్నను, ఇంటికడ నున్నప్పుడే రెండు వీసాలును తీసికొనవలెను. షెంగెన్ వీసాకు ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి అర్జీ పెట్టవచ్చును. పదునైదు దినములకంటె తక్కువ గడువున పెట్టరాదు. వ్రేలిముద్రలకై స్వయముగా పోవలెను. కనీసము 30,000 యూరోల వైద్య ఖర్చును భరించు భీమా పత్రము చూపవలెను. ఇంకొక జాగ్రత్త. పారిసునుండి మరల లండనునకు రావలెను గదా. ఆనాటికి ఇంగ్లండు వీసా గడువు మిగిలియున్నదో లేదో చూచుకొనవలెను.

ఇక మార్గములు నాలుగు. విమానము, మోటారుబస్సు, ఓడ, రైలు. ఒక్కొక్కదానిని గుమ్మపు లెక్కలో కొలిచి చూతము.

విమానము ఆకాశమున నుండునది గంటకు కొంచెము పైమాట. అది విని పెక్కుమంది విమానమే మేలని తలంతురు. కాని లండను చుట్టునున్న విమానాశ్రయములు నగరమునకు దూరము. గాట్విక్కు, లూటను ఇంచుమించు 45, 50 కిలోమీటర్లు. స్టాన్‌స్టెడ్డు ఇంకను దూరము. రెండు గంటల ముందు అక్కడ నుండవలెను. పాదరక్షలు, నడుముపట్టీ విప్పి తనిఖీ చేయించుకొనవలసిన సందర్భములు కలవు. పారిసులో దిగునది చార్లెస్ డిగాల్ విమానాశ్రయమైనచో, అది నగరమునకు సుమారు 25 కిలోమీటర్లు. అక్కడ సరిహద్దు అధికారుల వరుసలో నిలిచి, పెట్టెకై వేచియుండి, రైలో టాక్సీయో పట్టుకొని నగరము చేరవలెను. అన్నియు కూడినచో ఆరు గంటలకు తగ్గదు. బిడ్డల ఇల్లు హీత్రూ విమానాశ్రయమునకు చేరువగా నున్నవారికి మాత్రము విమానము అనుకూలమే. చక్రాల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొన్ననాడే చెప్పినచో రుసుము లేకుండ సమకూర్తురు. దానిని అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

మోటారుబస్సు అన్నిటికంటె చవుక. లండనులోని విక్టోరియా బస్సు స్టేషనులో ఎక్కి, పారిసులోని బెర్సీ అను చోట దిగవలెను. ఎనిమిది తొమ్మిది గంటలు పట్టును. పెట్టెల విషయమున ఇబ్బంది తక్కువ. ఎక్కుట దిగుట ఒక్కసారియే యని టిక్కెట్టు చూచిన తోచును. నిజమట్లు కాదు. రేవుకడ అందరును దిగి పాస్పోర్టులు చూపవలెను. ఓడలో దాటునప్పుడు బస్సును వదలి మెట్లెక్కి పై అంతస్తునకు పోవలెను. ఇది నేను పుస్తకములో చదివి చెప్పుట లేదు.

2022వ సంవత్సరమున నేనును నా ధర్మపత్నియు లండనులో మా అబ్బాయి యింట నుండగా, పారిసు చూడ బయలుదేరితిమి. రైలు టిక్కెట్టు ధర చూచి నేను బెదరితిని. బడిపంతులుగా పని చేసి విశ్రాంతి తీసికొనినవాడను. ఒక్క రాత్రికి ఏమగునులే యని, అబ్బాయి వలదన్నను వినక, రాత్రి బస్సునకు టిక్కెట్టు కొనిపించితిని. అర్ధరాత్రి డోవరులో దింపిరి. చలిలో వరుసగా నిలుచుంటిమి. ఓడలో మెట్లెక్కితిమి, దిగితిమి. ఆమె మోకాళ్లు అదివరకే మంచివి కావు. తెల్లవారి ఎనిమిది గంటలకు పారిసు చేరితిమి. బసకు పోగా, గది మధ్యాహ్నము మూడు గంటలకు గాని ఇయ్యమనిరి. ఏడు గంటలు వీధిలోను, కాఫీ దుకాణములోను కూర్చుంటిమి. పిమ్మట తెలిసినది, ఆ గది నాలుగవ అంతస్తున నున్నదనియు, లిఫ్టు లేదనియు. అదియు నేను చవుక యని ఎన్నుకొన్నదే.

మరునాడు ఆమె మోకాలు వాచినది. మెట్లు దిగలేకపోయెను. కిటికీకడ కుర్చీ వేసికొని కూర్చుండెను. అక్కడనుండి కనబడునవి ఎదుటి యిండ్ల పొగగొట్టములు. "అంత దూరము వచ్చితిమి, మీరైనను చూచి రండి" అని నన్ను పంపెను. నేనొక్కడనే పోయి ఐఫిలు గోపురము చూచి వచ్చితిని. సాయంకాలము ఎట్లున్నదని అడిగి, అంతయు విని, "మీరు చూచితిరి గదా, చాలును" అనెను. టిక్కెట్టులో మిగిల్చిన డబ్బు టాక్సీలకును, మందులకును సరిపోయినది. ఆ మాట మాత్రము నేటివరకు నన్ను విడువలేదు. అందుచేతనే ఈ లెక్క నేర్చుకొంటిని. అందుచేతనే నేడు మీకు చెప్పుచున్నాను.

ఓడను గూర్చి రెండు మాటలు. లండనునుండి రైలులో న్యూహేవెను రేవునకు పోయి, సుమారు నాలుగు గంటలు ఓడలో గడిపి, ఆవలి యొడ్డున దియెప్ రేవున దిగి, మరల రైలులో పారిసు చేరవచ్చును. డోవరునుండి కలేకు ఓడ గంటన్నరలో దాటును. కాని రేవులకును స్టేషనులకును నడుమ సామానుతో మారవలసి వచ్చును. సముద్రము పొంగిననాడు కడుపులో త్రిప్పును. బిడ్డలు కారు నడుపుచు వెంట వచ్చినచో ఓడ బాగుగనే యుండును. వృద్ధ దంపతులు ఒంటరిగా పోవుటకు నేను చెప్పను.

రైలు మిగిలినది. లండనులో సెయింట్ పాంక్రాసు స్టేషనునుండి పారిసులో గార్ దు నార్ స్టేషనునకు సుమారు రెండుంబావు గంటల ప్రయాణము. రెండును నగరమధ్యముననే యున్నవి. సరిహద్దు తనిఖీ సులువుగా నుండును. ఇంగ్లండు విడుచు తనిఖీయు, ఫ్రాన్సు అధికారుల తనిఖీయు లండను స్టేషనులోనే జరుగును. పారిసులో దిగినవాడు నేరుగా వీధిలోనికి నడచిపోవచ్చును. తిరుగు ప్రయాణమున ఇంగ్లండు అధికారులు పారిసు స్టేషనులోనే చూతురు. రైలు బయలుదేరుటకు అరగంట ముందే ద్వారము మూయుదురు. కనుక గంటన్నర ముందు పోవుట మంచిది. అన్నియు కూడినచో గుమ్మమునుండి గుమ్మమునకు ఐదు గంటలు. విమానముకంటె గంట తక్కువయే గాని, అంతకంటె ముఖ్యమైన సంగతి వేరు. ఆ ఐదు గంటలలో రెండుంబావు గంటలు కదలక కూర్చుండవచ్చును.

సముద్రము క్రింద పోవుటయా యని మన ఆడవారు భయపడుదురు. చెప్పెదను. సొరంగము పొడవు సుమారు 50 కిలోమీటర్లు. అందులో 38 కిలోమీటర్లు సముద్రము క్రింద నున్నది. నీటిలో వేసిన గొట్టము కాదది. సముద్రపు అడుగునకు సగటున 40 మీటర్ల క్రింద మన్నును తొలిచిన దారి. పోవుటకొకటి, వచ్చుటకొకటి. ఆ రెంటి నడుమ ఆపదలో జనులు తప్పించుకొనుటకును, పనివారు తిరుగుటకును మూడవ సొరంగము వేరుగా కలదు. ప్రతి 375 మీటర్లకును దానిలోనికి అడ్డదారి యున్నది. లోపల నుండునది సుమారు ఇరువది నిమిషములు. కిటికీ నల్లబడును, చెవులు కొంచెము దిబ్బడ వేయును, పిమ్మట వెలుతురు వచ్చును. నా భార్య ఆంజనేయ దండకము రెండుమార్లు చదువుసరికి ఫ్రాన్సు వచ్చినది.

రైలునకు లోపములును కలవు. ముందుగా కొననివానికి టిక్కెట్టు ధర మిక్కిలి హెచ్చు. స్థలములు నిండినకొలది ధర పెరుగును. కొన్ని నెలల ముందే అమ్మకము తెరచెదరు గనుక, తేది నిశ్చయించుకొని అప్పుడే కొనవలెను. సాధారణముగా వారము నడిమి దినములలో తక్కువ, శుక్ర ఆదివారములలోను సెలవులలోను ఎక్కువ. పెట్టెలను మనమే మోసికొని ఎక్కవలెను, కూలీలు దొరకరు. కనుక ఇద్దరికిని కలిపి చక్రములుగల చిన్నపెట్టె యొకటి చాలును. మూడు దినముల యాత్రకు పట్టుచీరలు నాలుగు అక్కరలేదు. నడువలేని వారికి సహాయకుని పంపెదరు, అది ముందుగా చెప్పుకొనవలెను.

ఇక బసను గూర్చి. పారిసులో హోటళ్లు లెక్కకు మించి యున్నవి. వాటిలో ఒకదానిని ఎన్నుకొనుట లండనులో కూర్చుండి కంప్యూటరులో బిడ్డలు చేయు పని. కాని వారు ధరను, బొమ్మలను చూతురు. మనము అడుగవలసినవి మనమే అడుగవలెను.

మొదటి ప్రశ్న, అది ఏ పేటలో నున్నది? పారిసు నగరము ఇరువది పేటలుగా విభజింపబడినది. ఒకటవ పేట నడుమ నుండును. తక్కినవి నత్తగుల్లవలె దాని చుట్టును తిరుగుచు వెలుపలికి పోవును. చిరునామాలోని తపాలా సంఖ్య చూచినచో పేట తెలియును. 75005 అనగా అయిదవ పేట, 75010 అనగా పదియవ పేట. సంఖ్య 75తో మొదలు కానిచో అది నగరమునకు వెలుపలిదే యని తెలిసికొనవలెను. వెలుపలి హోటలు చవుక. కాని దినమునకు రెండుమార్లు భూగర్భ రైలులో పడి రావలెను. పారిసులోని ఆ రైలు 1900లో మొదలైనది. అందుచేత పాత స్టేషనులలో పెక్కింటికి మెట్లే గాని లిఫ్టు లేదు. గదిలో మిగిల్చిన డబ్బు మోకాళ్లు చెల్లించును.

గార్ దు నార్ స్టేషను పదియవ పేటలో నున్నది. ప్రక్కనే బస చేసినచో రాకపోకలకు సులువు. ప్రాతఃకాలపు రైలు పట్టుకొనవలసిన వారికి ఒక రాత్రికి మంచిది. కాని ఆ వీధులు సందడి గలవి. జేబుదొంగల భయమును కలదు. నదికి దక్షిణమున అయిదవ పేట పాత విద్యాలయముల పేట. నోత్రదామ్ ఆలయము, సేను నది అక్కడికి నడకదూరము. రెండు మూడు రాత్రులుండువారికి అది అనుకూలము. స్టేషనునుండి టాక్సీలో పోవుడు. స్టేషనులో ఎదురువచ్చి "టాక్సీ, టాక్సీ" యని పిలుచువారి వెంట పోవలదు. వెలుపల వరుసగా నిలిచిన టాక్సీలలో ముందున్నదాని నెక్కవలెను.

రెండవ ప్రశ్న, లిఫ్టు ఉన్నదా? పాత కట్టడములలో లిఫ్టు లేకపోవుట సాధారణము. ఉన్నను దాని వరకు పోవుటకే కొన్ని మెట్లుండును. వీధి గుమ్మమునుండి గది గుమ్మమువరకు మెట్లెన్ని యని స్పష్టముగా అడిగి, జవాబు వ్రాతమూలముగా తెప్పించుకొనవలెను. వారు నేలమట్టపు అంతస్తును లెక్కింపరు. మొదటి అంతస్తు అనగా ఒక మేడ ఎక్కవలెననుట.

మూడవ ప్రశ్న స్నానపు గది. కొన్నిచోట్ల ఎత్తైన తొట్టి యుండును. దాని అంచు దాటి లోపలికి దిగుట పెద్దలకు ప్రమాదము. నిలిచి స్నానము చేయు అర కావలెనని అడుగుడు. మరుగుదొడ్డిలో నీళ్లగొట్టము ఉండదు, కాగితమే యుండును. చిన్న చెంబొకటి పెట్టెలో వేసికొనుట మరువకుడు.

నాలుగవది డబ్బు లెక్క. పలహారము గది అద్దెలో చేరినదా, వేరా? నగరపు పన్ను అని తలకింత, రాత్రికింత వసూలు చేయుదురు. తరచుగా దానిని హోటలులో విడిగా చెల్లింపవలసి యుండును. ఫ్రాన్సులో హోటళ్లకు ఒకటి మొదలు ఐదువరకు నక్షత్రములిచ్చి తరగతులు ఏర్పరచిరి. నక్షత్రములు పెరిగినకొలది పన్నును పెరుగును. అవి సౌకర్యములను తెలుపును గాని, గది నిశ్శబ్దమైనదో కాదో తెలుపవు. చవుక గదులలో కొన్నిటిని ఒకసారి కొన్న పిమ్మట మానుకొన్నచో డబ్బు తిరిగి రాదు. పెద్దవారి ఆరోగ్యము నమ్మరానిది. కొంచెము ఎక్కువైనను, రద్దు చేసికొనుటకు వీలుగల గదినే తీసికొనుట తెలివి.

అయిదవది వేళ. గది మధ్యాహ్నము రెండు మూడు గంటలకు గాని ఇయ్యరు. మరల ఉదయము పదకొండు, పండ్రెండు గంటలకు ఖాళీ చేయవలెను. కనుక మధ్యాహ్నమునకు చేరు రైలునే ఎన్నుకొనుడు. పారిసు గడియారము లండనుకంటె గంట ముందుండును. లండనులో పది గంటలకు బయలుదేరినచో అక్కడ ఒంటిగంట దాటి దిగుదురు. సామాను హోటలు వాకిట నప్పగించి, భోజనము చేసి వచ్చుసరికి గది సిద్ధమగును. మేము ఏడు గంటలు వీధిలో కూర్చుండుట ఈ యొక్క సంగతి తెలియకయే.

భోజనమును గూర్చి దిగులు పడవలదు. గార్ దు నార్ స్టేషనునకు ఉత్తరమున లా షపెల్ అను చోట, శ్రీలంకనుండి వచ్చిన తమిళుల దుకాణములును, భోజనశాలలును వరుసగా నున్నవి. ఇడ్డెనలు, దోసెలు, సాంబారు దొరకును. చేరువలోనే వినాయకుని కోవెలయు కలదు. ఫ్రాన్సు మనకు బొత్తిగా క్రొత్తదియు కాదు. గోదావరీతీరముననున్న మన యానాము 1954వరకు ఫ్రెంచివారి పాలనలో నుండినదే గదా. ఇంటినుండి పులిహోర కట్టుకొని పోవచ్చును. కాని పాలు, పెరుగు, నెయ్యి, మాంసము, వీనితో చేసినవి ఇంగ్లండునుండి ఐరోపా కూటమి దేశములలోనికి కొనిపోరాదు. పండ్లలో అరటి, కొబ్బరి, ఖర్జూరము వంటి కొన్నిటిని మాత్రమే ఆక్షేపింపరు. పెరుగన్నము రైలెక్కుటకు ముందే తినివేయవలెను.

చిన్న సంగతులు కొన్ని. ఇంగ్లండులో పౌనులు, ఫ్రాన్సులో యూరోలు. విద్యుత్తు ప్లగ్గులును వేరు. మందులను, వైద్యుని చీటీని చేతిసంచిలోనే యుంచుకొనవలెను. 2025 అక్టోబరు 12నుండి షెంగెన్ సరిహద్దులలో ముద్ర వేయుటకు మారుగా వ్రేలిముద్రలను, ముఖచిత్రమును యంత్రములో నమోదు చేయు పద్ధతిని దశలవారిగా ప్రవేశపెట్టిరి. తొలిసారి పోవువారు దానికి కొంత అదనపు కాలమును ఉంచుకొనవలెను. ఫ్రాన్సులో అప్పుడప్పుడు రైల్వే సమ్మెలు జరుగును. కనుక పారిసునుండి తిరిగివచ్చిన మరునాడే హైదరాబాదు విమానము ఎక్కవలసినట్లు ఏర్పాటు చేసికొనవలదు. నడుమ రెండు దినములు విడువుడు.

2025వ సంవత్సరపు వసంతకాలమున మేమిద్దరము మరల పోయితిమి. ఈమారు టిక్కెట్టు మూడు నెలల ముందు కొంటిమి. బస అయిదవ పేటలో, రెండవ అంతస్తున, లిఫ్టుతో. గది చిన్నది. పెట్టె తెరచినచో నడచుటకు చోటు లేదు. రెండు రాత్రులకు తీసికొనిన ఆ గదికి, వెనుకటి గదికంటె ఎక్కువ ఇచ్చితిమి. మూడు దినములు ఉండి, రోజున కొక్క చోటు మాత్రమే చూచితిమి. 2019లో మంటలలో కాలి, 2024 డిసెంబరులో మరల తెరువబడిన నోత్రదామ్ ఆలయము ఒకనాడు. సేను నదిలో పడవ ఒకనాడు. పడవలో కూర్చుండియే నగరమునంతయు చూడవచ్చును గనుక మోకాళ్లకు పని లేదు. ఐఫిలు గోపురము కనబడినప్పుడు ఆమె చేయి చాచి, "ఇదియేనా మీరు చెప్పినది? మీరు చెప్పినదానికంటె పెద్దది" అనెను. నేను బదులు చెప్పలేదు.

పెద్దలారా, మితవ్యయము మనకు పుట్టుకతో వచ్చిన గుణము. దానిని విడువుమని నేను చెప్పుట లేదు. కాని ప్రయాణమున మిగుల్చుకొనవలసినవి రెండు కలవు. ఒకటి ధనము, రెండవది సత్తువ. బిడ్డలు టిక్కెట్టు కొనునప్పుడు ధనము లెక్క వారే చూతురు. సత్తువ లెక్క మనము నోరు తెరచి చెప్పినగాని వారికి తెలియదు. కనుక మొగమాటపడక అడుగుడు. గుమ్మమునుండి గుమ్మమునకు ఎన్ని గంటలు? ఎన్ని మెట్లు? గది ఎన్నింటికి ఇత్తురు? మీరు అడుగకున్నచో, మీ ప్రక్కనున్న ఆమె తనకై ఎన్నటికిని అడుగదు. "మీరు చూచితిరి గదా, చాలును" అని ఊరకుండును.